ప్రభుత్వ ఆఫీసుల్లో ఈ-ప్రొక్యూర్‌మెంట్‌ను సిబ్బంది, సప్లయర్లు నిజంగా తమదిగా వాడుకోవాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

డివిజన్ ఆఫీసుల్లో, మున్సిపాలిటీల్లో, ఆసుపత్రి స్టోర్లలో టెండరు సీటు చూసేవాళ్లు, వాళ్ల పై అధికారులు, కాంట్రాక్టర్లు శిక్షణ తరగతుల్లో మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. ఈ-ప్రొక్యూర్‌మెంట్ అంటే ప్రభుత్వ టెండర్లు, కొనుగోళ్లు ఆన్‌లైన్ పోర్టల్ ద్వారా నడపడం. ఆ పోర్టల్‌లో ఏ బటన్ ఎక్కడుందో చెప్పే మాన్యువళ్లు ఇప్పటికే చాలా ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ వచ్చి ఏళ్లు గడిచినా మనుషులు దాన్ని ఎందుకు దూరం పెడతారు, ఏం చేస్తే దగ్గరవుతారు అన్నదే ఇక్కడి విషయం.

వాడకం తప్పనిసరి చేశాక ఇంకా "అంగీకారం" గురించి మాట్లాడటం ఎందుకు?

తప్పనిసరి చేస్తే లాగిన్‌లు వస్తాయి, అంతవరకే. కేంద్ర ప్రభుత్వంలో 2017 నాటి సాధారణ ఆర్థిక నియమాలు, అంటే జీఎఫ్ఆర్, ఈ విషయంలో స్పష్టంగానే ఉన్నాయి. 160వ నియమం బిడ్లను ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్ ద్వారానే తీసుకోమంటుంది. 149వ నియమం ప్రభుత్వ ఆన్‌లైన్ బజారు అయిన జెమ్‌లో (గవర్నమెంట్ ఈ-మార్కెట్‌ప్లేస్) దొరికే సరుకులు, సేవలు అక్కడే కొనమంటుంది. రాష్ట్రాలకూ వాటి జీవోలు ఉన్నాయి. ఏ ఆఫీసూ "మేం వాడం" అని అనలేదు.

కానీ ఎవరికి ఇవ్వాలో ముందే అనుకుని, స్పెసిఫికేషన్ దానికి తగ్గట్టు రాసి, కాగితం ఫైలులో అన్నీ అయిపోయాక ఆపరేటర్‌ని పిలిచి "ఇది ఎక్కించు బాబూ" అంటే అక్కడ పోర్టల్ చేసేది టైపింగ్ పని మాత్రమే. లెక్కల్లో ఆ ఆఫీసు నూటికి నూరు శాతం ఆన్‌లైన్. అధికారి తన నిర్ణయాన్ని సిస్టమ్ లోపల తీసుకుంటున్నాడా, బయట తీసుకుని లోపల నమోదు చేయిస్తున్నాడా? నా దృష్టిలో అంగీకారానికి అసలు పరీక్ష ఇదొక్కటే. మిగతా జవాబులన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

"యూజర్" అంటే టెండరు సీటు చూసే అసిస్టెంటేనా?

కాదు. ఎస్టిమేట్ తయారుచేసే ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్), టెండరు నోటీసు ఆమోదించే ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్), లెక్కలు చూసే డీఏఓ (డివిజనల్ అకౌంట్స్ ఆఫీసర్), బిడ్లు తెరిచే అధికారులు, సరుకు దించుకునే స్టోర్‌కీపర్, బిల్లు పాస్ చేసే డీడీఓ (డ్రాయింగ్ అండ్ డిస్బర్సింగ్ ఆఫీసర్), అందరూ యూజర్లే. అవతలి వైపు కాంట్రాక్టరు, సప్లయరు, వాళ్ల తరఫున కంప్యూటర్ ముందు కూర్చునే మనిషి. ఒక్కొక్కరి భయం ఒక్కో రకం. అందరికీ కలిపి ఒకే రోజు ఒకే హాల్లో ఒకే శిక్షణ ఇస్తే ఎవరి ప్రశ్నకూ జవాబు దొరకదు.

మన రాష్ట్రాల్లో ఇది ఎలా మొదలైంది? అప్పట్లో ఎవరు ఒప్పుకున్నారు?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో మొదలైంది. శాఖకో వెబ్‌సైటు కాకుండా అన్ని శాఖలకూ కలిపి ఒకే వేదిక పెట్టారు, దాన్ని ప్రైవేటు భాగస్వామ్యంతో నడిపారు. దేశంలో ఇంత పెద్ద ఎత్తున చేపట్టిన తొలి ప్రయత్నాల్లో ఇదొకటి.

అంతకుముందు పరిస్థితి తెలియని కొత్తతరం ఉద్యోగులకు ఈ మార్పు విలువ అర్థం కావడం కష్టం. టెండరు షెడ్యూలు కావాలంటే డివిజన్ ఆఫీసుకి వెళ్లి కొనుక్కోవాలి. ఎవరెవరు కొన్నారో సాయంత్రానికల్లా బయటికి పొక్కేది. ఆ తర్వాత ఫోన్లు, రాయబారాలు. కాంట్రాక్టర్లు రింగ్ అయి "ఈ పని నీది, ఆ పని నాది" అని పంచుకునేవారు. దారికి రానివాళ్లను టెండరు బాక్సు దాకా రానివ్వకుండా ఆఫీసు గేటు దగ్గరే మనుషుల్ని నిలబెట్టిన సందర్భాలున్నాయి. బాక్సులో కవరు వేయడానికి పోలీసు బందోబస్తు కావలసి వచ్చేది.

అందుకే ముందుగా ఒప్పుకున్నది రింగ్ బయట ఉన్న కాంట్రాక్టర్లు. పక్క జిల్లా నుంచి ఎవరి కంటా పడకుండా టెండరు వేయవచ్చన్న ఒక్క కారణం వాళ్లకు చాలు. వాళ్లతో పాటు ఒప్పుకున్నవాళ్లు ఇంకొందరున్నారు, వాళ్ల గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. టెండరు రోజున రెండు వైపుల ఒత్తిడీ భరించాల్సిన ఇంజినీర్లు వాళ్లు. "నా చేతిలో ఏం లేదండీ, అంతా ఆన్‌లైన్" అనగలగడం ఒక నిజాయితీ గల ఈఈకి ఎంత ఊరటో, ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది.

2014 తర్వాత తెలంగాణకు వేరే పోర్టల్ వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో రివర్స్ టెండరింగ్, అంటే వచ్చిన ధర మీద బిడ్డర్లు మళ్లీ ఆన్‌లైన్‌లో తగ్గించి పోటీపడే పద్ధతి, తెచ్చారు, 2024లో తీసేశారు. ప్రభుత్వానికి విధానం మార్చుకునే హక్కు ఉంది. అయితే విధానం మారిన ప్రతిసారీ కింద సీటులో ఉన్నవాళ్లు మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. ఇలా నాలుగైదుసార్లు జరిగితే "ఇదీ ఎన్నాళ్లుంటుందిలే" అన్న ధోరణి వస్తుంది. అది సోమరితనం కాదు, అనుభవం నేర్పింది.

దీనిపై పరిశోధకులు ఏమంటారు?

రెండు నమూనాలు ఎక్కువగా వినిపిస్తాయి. 1989లో ఫ్రెడ్ డేవిస్ ప్రతిపాదించిన దాని ప్రకారం మనిషి కొత్త టెక్నాలజీని చూసి రెండు విషయాలు బేరీజు వేస్తాడు: ఇది నా పనికి పనికొస్తుందా, వాడటం సులువుగా ఉందా. 2003లో విశ్వనాథ్ వెంకటేష్, ఆయన సహ పరిశోధకులు అలాంటి నమూనాలు ఎనిమిదింటిని కలిపి ఒకటిగా తెచ్చారు. అందులో ఉపయోగం, శ్రమలకు తోడు చుట్టూ ఉన్నవాళ్ల ప్రభావం, అందుబాటులో ఉన్న సౌకర్యాలు కూడా లెక్కలోకి వస్తాయి.

మన ఆఫీసులకు ఇందులో పనికొచ్చేది చివరి రెండే అని నా అభిప్రాయం. వాడకం తప్పనిసరి అయిన చోట, ముఖ్యంగా తొలి రోజుల్లో, పైవాళ్లు దాన్ని ఎలా చూస్తున్నారన్నది బలంగా పనిచేస్తుందని ఆ పరిశోధనే చెప్పింది. ఈఈ తన టోకెన్ (డిజిటల్ సంతకం ఉండే యూఎస్‌బీ పరికరం) తానే పెట్టి, బిడ్ తానే తెరిస్తే ఆ డివిజన్ మొత్తం నేర్చుకుంటుంది. "నాకివన్నీ తెలియవమ్మా, నువ్వే చూసుకో" అంటే అందరూ అదే పాట పాడతారు. సౌకర్యాల సంగతి సరేసరి. కరెంటు పోతే యూపీఎస్ లేని గదిలో ఎంత మంచి సాఫ్ట్‌వేర్ అయినా ఏం చేస్తుంది?

వయసు మళ్లిన ఉద్యోగులకు కంప్యూటర్ భయం, అదే అసలు సమస్య అంటారు. నిజమేనా?

ఈ మాట వింటే బాధ కలుగుతుంది, ఎందుకంటే చాలావరకు అన్యాయమైన మాట. ఇదే సూపరింటెండెంట్లు జీతాల బిల్లులు ఆన్‌లైన్‌లో పెట్టడం నేర్చుకున్నారు. ఇంట్లో ఫోన్‌లో టికెట్లు బుక్ చేస్తున్నారు, డబ్బులు పంపుతున్నారు. జీతం బిల్లు ఆగితే తన ఇల్లే ఆగుతుంది కాబట్టి అది నేర్చుకోవడానికి ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

టెండరు పోర్టల్ దగ్గర ఉన్న భయం వేరు, అది తప్పు జరిగితే ఏమవుతుందన్న భయం. కాగితం మీద ఒక తేదీ తప్పు పడితే ఆ పేజీ మార్చి ఇంకోటి పెట్టొచ్చు, మూడో మనిషికి తెలియదు. ఆన్‌లైన్‌లో ప్రచురించాక తేదీ మార్చాలంటే కొరిజెండం, అంటే సవరణ ప్రకటన, ఇవ్వాలి. అది అందరికీ కనిపిస్తుంది, ఎవరు ఎన్ని గంటలకు ఇచ్చారో కూడా రికార్డవుతుంది. ఆడిట్ వాళ్లు, విజిలెన్స్ వాళ్లు రేపు అడిగేది ఆ రికార్డు గురించే. ముప్పై ఏళ్ల సర్వీసు ఉండి, రిటైర్‌మెంట్ దగ్గర పడిన మనిషి ఒక్క క్లిక్కుతో పెన్షన్ మీదికి తెచ్చుకుంటానేమో అని జంకితే తప్పు పట్టగలమా?

దీనికి మందు ఇంకో ట్రైనింగ్ కాదు. దురుద్దేశం లేని ఎంట్రీ తప్పులకు మెమోలు ఇవ్వబోమని, కొరిజెండం ఇవ్వడం తప్పు ఒప్పుకున్నట్టు కాదని పై అధికారి రాతపూర్వకంగా చెప్పాలి. ఆ ఒక్క సర్క్యులర్ పదిరోజుల శిక్షణ కన్నా ఎక్కువ పనిచేస్తుంది.

డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ కంప్యూటర్ ఆపరేటర్ దగ్గర ఉంటే తప్పేముంది? సార్ ఎప్పుడూ క్యాంపులోనే ఉంటారు కదా.

అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే, దీని మీదే ఎక్కువ పట్టుబట్టాలి.

ఆపరేటర్ల గదిలో మామూలుగా కనిపించే దృశ్యం ఒకటుంది. డ్రాయరు తెరిస్తే రబ్బరు బ్యాండు వేసి నాలుగైదు యూఎస్‌బీ టోకెన్లు. ఒక్కోదానికి తెల్లటి స్టిక్కరు, దాని మీద పెన్నుతో "ఈఈ", "డీఈఈ", "డీఏఓ". పక్కనే నోటు పుస్తకం చివరి పేజీలో పిన్ నంబర్లు. ఆ ఆపరేటర్ ఎంత మంచివాడైనా కావచ్చు. అవుట్‌సోర్సింగ్‌లో తక్కువ జీతానికి పనిచేస్తూ, ఆఫీసు మొత్తం బరువు మోస్తున్నాడు. ఏదైనా తేడా వస్తే మొదట బలయ్యేదీ అతనే.

చట్టం ఏమంటుందంటే, ఐటీ చట్టం 2000 ప్రకారం డిజిటల్ సంతకానికి చేతి సంతకంతో సమానమైన గుర్తింపు ఉంది. 42వ సెక్షన్ ప్రకారం ప్రైవేటు కీ (టోకెన్‌లో ఉండే, సంతకం పెట్టే రహస్య కోడ్) తన అదుపులోనే ఉండేలా తగిన జాగ్రత్త తీసుకోవాల్సిన బాధ్యత దాని యజమానిదే. ఇంకొకరి ఎలక్ట్రానిక్ సంతకాన్ని మోసపూరితంగా వాడితే 66సీ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు. "నేను చేయలేదు, ఆపరేటర్ చేశాడు" అన్న వాదన రికార్డు ముందు నిలబడటం కష్టం.

ఇది మన దగ్గరే ఉన్న జాడ్యం కాదు. దక్షిణ కొరియా 2002లో ప్రారంభించిన జాతీయ ఈ-ప్రొక్యూర్‌మెంట్ వ్యవస్థను ప్రపంచమంతా ఆదర్శంగా చెబుతుంది. అక్కడ కంపెనీలు ఒకరి సర్టిఫికెట్‌తో ఇంకొకరు బిడ్లు వేయడం మొదలుపెట్టాయి. చివరికి 2010లో వేలిముద్ర తప్పనిసరి చేయాల్సి వచ్చింది.

సార్ క్యాంపులో ఉంటే ఏం చేయాలన్నది న్యాయమైన ప్రశ్నే. అందుకే టెండరు తెరిచే తేదీలు, సమయాలు ఆయన టూరు ప్రోగ్రాం చూసి పెట్టుకోవాలి, ఇన్‌ఛార్జికి వేరే టోకెన్, వేరే లాగిన్ ముందే తీసి ఉంచాలి. సర్టిఫికెట్ ఫీజు పెద్ద మొత్తమేమీ కాదు.

బిడ్ ఓపెనర్ ట్రాన్స్‌ఫర్ అయితే బిడ్లు తెరుచుకోవట్లేదు. ఎందుకిలా?

ఎన్ఐసీ (కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ) వారి సిస్టమ్‌లో టెండరు తయారుచేసేటప్పుడే ఎవరెవరు తెరవాలో పేర్లు ఇస్తారు. ఇద్దరిలో ఇద్దరు, నలుగురిలో ఇద్దరు, ఇలా. బిడ్డర్లు వేసే బిడ్లు ఆ అధికారుల కీలతోనే తాళం పడతాయి. బ్యాంకు లాకరుకి రెండు తాళంచెవులు ఉన్నట్టే, తగినంతమంది వచ్చి తమ టోకెన్లు పెడితే తప్ప అవి తెరుచుకోవు. ఇది లోపం కాదు, గడువుకు ముందే ఎవరో ఒక్కరు తొంగిచూడకుండా చేసిన ఏర్పాటు.

చిక్కు ఎక్కడంటే, కొందరు "ఇద్దరిలో ఇద్దరు" అని పెడతారు. అందులో ఒకరు బదిలీపై వెళ్తారు, లేదా టోకెన్ పోగొట్టుకుంటారు, లేదా సర్టిఫికెట్ గడువు తీరి కొత్తది తీసుకుంటారు. కొత్త సర్టిఫికెట్ అంటే కొత్త కీ. పాత కీతో మూసినవి దానితో తెరుచుకోవు. కాబట్టి పేర్లు నలుగురివి ఇచ్చి, ఏ ఇద్దరైనా తెరిచేలా పెట్టుకోండి. పేర్లు ఇచ్చే ముందు ప్రతి ఒక్కరి సర్టిఫికెట్ గడువు తేదీ చూడండి. బదిలీ ఉత్తర్వు రాగానే, రిలీవ్ కాకముందే, పెండింగ్ టెండర్ల జాబితా చేతికివ్వండి. పాత టోకెన్ ఫార్మాట్ చేయొద్దు, పారేయొద్దు.

ఇలాంటి ఒక్క సంఘటన చాలు, ఆ ఆఫీసులో అందరూ "కాగితమే నయం" అనడానికి.

పోర్టల్‌తో పాటు కాగితం ఫైలు కూడా నడపమంటున్నారు. రెండు పనులెందుకు?

ఎందుకు అనే అడగాలి, గట్టిగానే అడగాలి. బిడ్ పత్రాలన్నీ ప్రింట్ తీసి, ప్రతి పేజీ మీద సంతకం పెట్టి ఫైలులో కుట్టే అలవాటు ఇంకా చాలాచోట్ల ఉంది. వందల పేజీలు. సిస్టమ్ మీద ఇంత అసంతృప్తికి అతిపెద్ద కారణం సిస్టమ్ కాదు, ఈ డబుల్ పని. ఆమోదం కోసం నోట్ ఫైలు ఉండాలి, సరే. కానీ పోర్టల్‌లో భద్రంగా ఉన్న పత్రానికి ఇంకో కాగితం కాపీ ఎందుకు అవసరమో ఆఫీసు అధిపతి చెప్పగలగాలి. ఆడిట్ పార్టీ అడుగుతుందని ముందుజాగ్రత్తగా చేస్తుంటే, ఆడిట్ పార్టీకి ఒక లాగిన్ ఇప్పించడం మేలు.

శిక్షణ ఇచ్చాం, సర్టిఫికెట్లు పంచాం. అయినా ఫోన్ చేసి అడుగుతూనే ఉన్నారే?

అడగనివ్వండి. ఫోన్ చేస్తున్నారంటే వాడుతున్నారని అర్థం. స్లైడ్లు చూపించే శిక్షణ మూడు నెలల తర్వాత మొదటి టెండరు పెట్టే రోజుకి గుర్తుండదు. ఆ మొదటి టెండరు రోజున పక్కన కుర్చీ వేసుకుని కూర్చునే మనిషి ఉంటే చాలు, అది పక్క డివిజన్‌లో అదే పని చేసే సహోద్యోగి అయితే మరీ మంచిది. బయటి నుంచి వచ్చిన ట్రైనర్‌ని అడగడానికి మొహమాటపడే ప్రశ్నలు తోటి ఉద్యోగిని అడుగుతారు.

జెమ్ గురించి మా స్టోర్స్‌లో ఎప్పుడూ ఫిర్యాదులే. అంత ఇబ్బంది దేనికి?

జెమ్ 2016 ఆగస్టు 9న మొదలైంది. దశాబ్దాలుగా కేంద్రానికి కొనుగోళ్లు చేసిన డీజీఎస్ అండ్ డీని 2017 అక్టోబరు 31న మూసేశారు. అంటే వెనక్కి తిరిగే దారి లేకుండానే ముందుకు నడిపించారు.

స్టోర్స్ వాళ్ల ఇబ్బంది ఎక్కువగా రసీదు దగ్గర. సరుకు అందాక కన్సైనీ, అంటే దాన్ని అందుకునే అధికారి, చూసి, బాగుంటే ఒప్పుకుంటున్నట్టు, లేకపోతే తిరస్కరిస్తున్నట్టు పోర్టల్‌లో క్రాక్ (సరుకు రసీదు, ఆమోద ధ్రువపత్రం) ఇవ్వాలి. దానికి 10 రోజుల గడువు. మౌనంగా ఉంటే ఒప్పుకున్నట్టే సిస్టమ్ తనంతట తానే ఇచ్చేస్తుంది. సప్లయర్‌కి డబ్బు ఆలస్యం కాకూడదని పెట్టిన నియమం ఇది, ఉద్దేశం మంచిదే. కానీ స్టోర్‌కీపర్‌కి ఆ లాగిన్ ఉందని కూడా తెలియని చోట, పాస్‌వర్డ్ హెడ్ ఆఫీసులో ఉన్న చోట, నాసిరకం సరుకు కూడా గడువు దాటి ఆమోదం పొందుతుంది. అప్పుడు తప్పు జెమ్ మీదకు నెడతారు. సరుకు ముట్టుకుని చూసే మనిషి చేతిలోనే ఆ లాగిన్ ఉండాలి.

చిన్న కాంట్రాక్టర్లు, సప్లయర్లు ఎందుకు వెనకాడుతున్నారు?

మొదటి కారణం డబ్బు. టెండరు ఆన్‌లైన్, బిల్లు మాత్రం నెలల తరబడి పెండింగ్. పోటీ పెంచాలంటే ముందు బిల్లులు సకాలంలో ఇవ్వాలి, దీనికి సాఫ్ట్‌వేర్‌లో జవాబు లేదు.

రెండోది మధ్యవర్తి. ప్రతి పట్టణంలో డివిజన్ ఆఫీసుల చుట్టుపక్కల టెండర్లు అప్‌లోడ్ చేసిపెట్టే నెట్ సెంటర్లు, డీటీపీ షాపులు ఉన్నాయి. ఇంగ్లీషు పత్రాలు, ధరల షీట్ పేరు మార్చితే తిరస్కరించే పోర్టల్, చివరి గంటలో నెమ్మదించే సర్వర్, వీటన్నిటి టెన్షన్ పడలేక చిన్న కాంట్రాక్టరు తన టోకెన్, పిన్ షాపులోనే వదిలేస్తాడు. అదే షాపులో అతని పోటీదారు టోకెన్ కూడా ఉండొచ్చు. 2003లో ఏ రహస్యం కాపాడటానికి ఈ వ్యవస్థ పెట్టారో అది ఆ బల్ల మీదే బయటపడే ప్రమాదం ఉంది. ప్రభుత్వం ప్రతి జిల్లా కేంద్రంలో ఉచితంగా సహాయం చేసే డెస్కు పెట్టడం ఖర్చు కాదు, అవసరం.

చిన్న పరిశ్రమలకు ఉన్న వెసులుబాట్లు కూడా చాలామందికి తెలియవు. కేంద్ర శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు తమ వార్షిక కొనుగోళ్లలో కనీసం 25 శాతం సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి తీసుకోవాలి. అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీల సంస్థలకు, 3 శాతం మహిళల సంస్థలకు. ఈ పరిశ్రమలకు ఈఎండీ (బిడ్‌తో పాటు కట్టే ధరావతు) మినహాయింపు కూడా ఉంది.

పోర్టల్, పత్రాలు తెలుగులో ఉండొద్దా?

ఉండాలి. ముఖ్యంగా తిరస్కరణ కారణాలు, ఎర్రర్ మెసేజ్‌లు. ఎందుకు బిడ్ పోయిందో తెలుగులో రెండు వాక్యాలు రాసి పంపితే, ఆ కాంట్రాక్టరు కోర్టుకు వెళ్లే బదులు వచ్చేసారి సరిచేసుకుని వేస్తాడు.

ఆన్‌లైన్ అయితే ధరలు తగ్గుతాయా? అవినీతి పోతుందా?

అతిగా ఆశ పెడితే నమ్మకం పోతుంది, కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పాలి. భారత్‌లో గ్రామ సడక్ యోజన రోడ్లు, ఇండోనేషియాలో జాతీయ రోడ్ల పనుల మీద ఆర్థికవేత్తలు చేసిన ఒక అధ్యయనం 2016లో అచ్చయింది. ధరలు తగ్గాయనడానికి వాళ్లకు ఆధారం దొరకలేదు. కానీ భారత్‌లో రోడ్ల నాణ్యత మెరుగైంది, ఇండోనేషియాలో జాప్యం తగ్గింది. పని గెలిచేవాళ్లలో బయటి ప్రాంతాల వాళ్లు పెరిగారు. నాకు ఇది తక్కువ ఫలితంగా అనిపించదు. ఊరి రోడ్డు మరో రెండు వానాకాలాలు తట్టుకుంటే ఆ ఊరికి అంతకన్నా ఏం కావాలి?

సిస్టమ్‌ని కూడా మోసం చేయొచ్చు. 2018లో మధ్యప్రదేశ్‌లో నీటి పథకాల టెండర్లలో బిడ్లు తారుమారు చేశారన్న ఆరోపణలు బయటికొచ్చాయి, 2019 ఏప్రిల్‌లో అక్కడి ఆర్థిక నేరాల విభాగం కేసు పెట్టింది. ఇక టెండరు తప్పనిసరి అయ్యే విలువ పరిమితిని తప్పించుకోవడానికి ఒకే పనిని ముక్కలు చేసి నామినేషన్ మీద, అంటే టెండరు లేకుండా నేరుగా, ఇవ్వడం, ఒక్క కంపెనీకే సరిపోయే స్పెసిఫికేషన్ రాయడం పోర్టల్‌కి బయట జరిగేవి. పోర్టల్ వాటిని ఆపలేదు. కానీ ఆ జాడలు చెరగకుండా ఉంచుతుంది.

మా ఆఫీసులో అంగీకారం ఎంతో ఎలా తెలుసుకోవాలి?

సర్వే ఫారాలు పంచితే అందరూ "చాలా బాగుంది" అనే రాస్తారు, ఎందుకంటే అది సార్‌కి వెళ్తుంది. దానికి బదులు రికార్డు చూడండి. గత ఏడాది టెండర్లలో ఎన్నిటికి ఒకే బిడ్ వచ్చింది? కొరిజెండాలు ఎన్ని, ఎందుకు? అధికారుల సంతకాలన్నీ ఒకే కంప్యూటర్ నుంచి, పది నిమిషాల తేడాతో వరసగా పడ్డాయా? అలా పడితే టోకెన్లు ఎక్కడున్నాయో వేరే చెప్పక్కర్లేదు. ప్రీ-బిడ్ సందేహాలకు జవాబులు పోర్టల్‌లో ఇచ్చారా, ఫోన్‌లో చెప్పారా? ఎన్ని పనులు పరిమితికి కాస్త దిగువన ఆగాయి?

ఈ సీటులోకి కొత్తగా వచ్చాను. మొదటి వారం ఏం చేయాలి?

మీ పేరు మీద టోకెన్ తీయించుకోండి. 2021 నుంచి క్లాస్ 3 రకం సర్టిఫికెట్లు మాత్రమే ఇస్తున్నారు. సంతకానికి, ఎన్‌క్రిప్షన్‌కి రెండూ ఉన్నాయో లేదో చూసుకోండి. పిన్ మీరే మార్చండి, ఎక్కడా రాయకండి. పదేపదే తప్పు కొడితే టోకెన్ లాక్ అవుతుంది, కాబట్టి హడావిడిలో ప్రయత్నించొద్దు. మీకు ముందున్నవారి దగ్గర పెండింగ్ టెండర్లు, వాటి బిడ్ ఓపెనర్ల పేర్లు, సర్టిఫికెట్ గడువులు రాయించుకుని సంతకం తీసుకోండి. టెండరు ముగింపు సమయం సాయంత్రం ఐదుకో, సెలవు ముందు రోజుకో పెట్టకండి. మధ్యాహ్నం మూడు గంటలు, వారం మధ్యలో పెడితే హెల్ప్‌డెస్క్ ఫోన్ ఎత్తే వేళలో ఉంటారు. గడువుకి సర్వర్ గడియారమే లెక్క, మీ గోడ గడియారం కాదు. ఈ మాట టెండరు నోటీసులో ఒక వాక్యంగా చేర్చండి, చివరి నిమిషంలో వచ్చే సగం గొడవలు తగ్గుతాయి.